బావ కారు వెనక ఎర్ర దీపం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా పెరట్లో తొండ కనిపిస్తే, నేను వీధి మలుపు తిరిగేసరికి అది ఉడుమవుతుంది, కాఫీ దుకాణం చేరేసరికి మొసలవుతుంది, రెండో కాఫీ తాగేసరికి ఆ మొసలి నా చేతిలో చచ్చి ఉంటుంది. మా ఆవిడ నా నోట వచ్చే ప్రతి అంకెనూ నాలుగుతో భాగించాకే చెవిలోకి రానిస్తుంది. పెళ్లిళ్లలో నా పక్క కుర్చీ కోసం జనం తోసుకుంటారు గాని, సాక్ష్యం చెప్పడానికి ఇంతవరకూ నన్నెవరూ పిలవలేదు. కనక ఇక్కడ రాసేదాన్ని కూడా ఎవరికి తోచిన అంకెతో వాళ్లు భాగించుకోవచ్చు. నేను పెంచినవి బోలెడున్నాయి. పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర చెబుతాను.

ఈ మధ్య మలేషియా క్లాంగ్‌లో నా రిపేరు షెడ్డు ముందు ఒక అమెరికా కారు ఆగింది. పోర్ట్ క్లాంగ్‌లో లారీలు తిప్పే మన తెలుగువాడిది. ఓడలో వచ్చిందన్నాడు గాని, దాని పొడుగు చూస్తే ఓడే దాని డిక్కీలో వచ్చినట్టుంది. అందులో క్రూయిజ్ కంట్రోల్ అనే సౌకర్యం ఉంది. బొత్తాం నొక్కి కాలు తీసేస్తే కారు అదే వేగంతో పోతూ ఉంటుంది, బ్రేకు మీద కాలు పడగానే ఆ పట్టు వదిలేస్తుంది. ఈ కారులో మాత్రం బ్రేకు తొక్కకుండానే వదిలేస్తోందట. అప్పటికే ముగ్గురు మెకానిక్కులు ఇంజనంతా విప్పి, మళ్లీ బిగించి, మిగిలిపోయిన నట్లు ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి ఇచ్చారు.

"ఎవరైనా వెనక్కెళ్లి బ్రేకు దీపం చూశారా?" అని అడిగాను.

"రోగం ముందర లా బాబాయ్. నువ్వు ఎనకాల ఏటి సూత్తావు?" అన్నాడు. మాట చివర లా తగిలించకపోతే ఈ దేశంలో ఎవరికీ తృప్తి ఉండదు.

ఇంజను నడుస్తుండగా, బ్రేకు జోలికి పోవద్దని అతనికి చెప్పి, వెనక నిలబడి బంపర్ని ఒక తన్ను తన్నాను. ఎర్ర దీపం సన్నగా వణికింది. ఎవరూ తొక్కని బ్రేకును తొక్కారని స్విచ్ కబురు పంపుతోంది. ఆ కబురు నమ్మి ముందున్న యంత్రం పట్టు వదిలేస్తోంది. పెడల్ దగ్గర దూరి స్విచ్ నట్టు అరచుట్టు తిప్పాను, అంతే. అతను నా వైపు చూసి, ఎలా తెలిసిందని అడిగాడు. ఈ రోగం నాకు పాతదన్నాను.

పాతదంటే, ఎమర్జెన్సీ నాటిది. ఇండియాది కాదు, మలయాలో తెల్లదొరలు అడవిలోని కమ్యూనిస్టుల మీద పెట్టింది.

అప్పుడు నేను సుంగై సిపుట్ టౌను అవతల ఒక రబ్బరు తోటలో ఇంజన్ మనిషిని. పాలను షీట్లుగా నొక్కే రోలర్ల ఇంజను, కంచె దీపాలకు కరెంటిచ్చే జనరేటరు, రెండూ నా చేతి కింద ఉండేవి. వయసు పాతిక. మా అప్ప మొగుడు, అంటే మా బావ, పెద్దదొర కారుకి డ్రైవరు. మా పెద్దలందరూ శ్రీకాకుళం వైపు నుంచి కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. నేనూ అప్పా తోటలోనే పుట్టాం. బావ మాత్రం అయిదేళ్ల పిల్లాడిగా ఓడ దిగాడు. ఈ తేడా గుర్తుంచుకోండి.

అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద పోలీసులు, మధ్యలో మేము. కూలీల ఇళ్లన్నిటినీ ముళ్లకంచె లోపలికి లాగేశారు. సాయంత్రం ఆరింటికి గేటు మూత. అడవిలోవాళ్లకు చేరుతుందని కంచె దాటి అన్నం మెతుకు పోనిచ్చేవారు కాదు. పొద్దున పాలు గీయడానికి పోయేవాళ్లను గేటు దగ్గర తడిమి తడిమి వదిలేవారు. ఒక ముసలాయన నోట్లో నములుతున్న తాంబూలం తీయించి, విప్పి, లోపల వక్కలు లెక్కపెట్టి మళ్లీ నోట్లో పెట్టారు. దీన్ని నాలుగుతో భాగించినా కాస్త మిగులుతుంది.

టౌనుకు పోయే రోడ్డులో వంతెన దాటాక రెండు మైళ్లు అడవి అంచునే పోవాలి. అక్కడ దొర హుకుం ఒకటే, ముప్పై అయిదు. వేగం చూపే ముల్లు కదలకూడదు. అంతకన్నా నెమ్మదైతే తుపాకీకి సులువు, అంతకన్నా వేగమైతే మలుపులో కాలవలోకి. బావకు కుడి మోకాలు చెడ్డది. పెడల్‌ని ఒకే లోతులో అదిమి పట్టడం వల్ల సాయంత్రానికి పనసకాయంత వాచేది. నేను దగ్గరుండి పోల్చి చూశాను, పనసకాయే చిన్నది. ఆ సంగతి దొరకు తెలిస్తే పని పోతుంది, పనితోపాటు డ్రైవరు క్వార్టర్సూ పోతుంది. అందుకని బావ మోకాలికి కట్టు కట్టి, పైన నిక్కరు బదులు పొడుగు ప్యాంటు వేసుకుని, ఆ ఎండలో దొరకన్నా దొరలా తిరిగేవాడు.

అప్పటి కార్లలో స్టీరింగ్ పక్కన ఒక చేతి బొత్తాం ఉండేది. దాన్ని లాగి వదిలేస్తే ఇంజను ఆ వేగంలోనే ఉండిపోయేది. చలిదేశాల్లో పొద్దున్నే ఇంజన్ని వేడెక్కించుకోవడానికి పెట్టారట. దాంతో కారునూ నడపొచ్చు గాని, బ్రేకు తొక్కినా ఇంజను లాగుతూనే ఉంటుంది. నేను పాత జనరేటరులోంచి ఒక కరెంటు అయస్కాంతం పీకి, ఆ బొత్తాం తీగకు అమర్చాను. కరెంటు ఉన్నంతసేపు అది తీగను పట్టుకుని ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు వెనక ఎర్ర దీపం వెలిగించడానికి కారు కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది కదా, దానికే రెండో పనీ అప్పజెప్పాను. దీపం వెలిగినప్పుడల్లా అయస్కాంతానికి కరెంటు ఆపాలి. తీగ జారిపోతుంది, ఇంజను నెమ్మదిస్తుంది. అమెరికా వాళ్లు బొత్తాలు నొక్కడం నేర్చుకోక ముందే సుంగై సిపుట్ పక్కన ఈ యంత్రం నడిచింది. వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఏట్రా ఇది? నా కారుకి దెయ్యాన్ని కట్టినావా?" అన్నాడు బావ.

"ఇనప సెయ్యి బావా. నీ కాలికి ఇంక సెలవు."

"దొర సూత్తే?"

"ఆ బొత్తాం కింద దూరాలంటే దొర ముందు ముక్కు ఇప్పేసి రావాల."

బావ చాలాసేపు నవ్వి, అప్పుడు చుట్టూ చూశాడు. "ఎవురికీ సెప్పకు లా. నానూ సెప్పను."

"సెప్పను."

ఇప్పుడు నేను చేసిన తప్పు. కారు కింద స్విచ్‌కి రోడ్డు మీది బురదనీళ్లు కొట్టేవి. లోపలికి నీళ్లు దిగకుండా దాని చుట్టూ రబ్బరు పాలు పూశాను. మా తోటలో ఏది కారినా, ఏది చిరిగినా, మందు అదే. పైకప్పుకి పూసేవాళ్లం, చెప్పులకి పూసేవాళ్లం, గొడుగుకి పూసేవాళ్లం. మా మేస్త్రీ ఒకడు పుచ్చు పన్నులో పోసుకుంటే పైదవడా కింది దవడా అంటుకుపోయి వారం రోజులు మాట రాలేదు. ఆ వారం తోటలో పని బాగా జరిగింది. టైర్లకు వాడే రబ్బరు ఉడికించిన రబ్బరు, దాన్ని నమ్మొచ్చు. మాది చెట్టు మీంచి దిగిన పచ్చి రబ్బరు. ఎండలో మెత్తబడుతుంది, చల్లబడితే బిగుసుకుంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ వాసనలోనే బతికిన నాకు ఈ సంగతి తెలియదా? తెలుసు. కారు కింద కూడా అది రబ్బరుగానే ఉంటుందని తట్టలేదు.

వానలు పట్టాక బావ ఒకసారి అన్నాడు. "ఒరే, నీ ఇనప సెయ్యి వాన సాయంత్రాలు పట్టు వదిలేత్తంది. వంతెన కాడ బ్రేకు తొక్కినానంటే, ఇంక మళ్లీ పట్టుకోదు."

"దానికీ నీ మోకాలి జబ్బే అంటుకున్నాది బావా" అని నవ్వేశాను.

నవ్వకుండా కారు వెనక్కి వెళ్లి చూసి ఉంటే ఇదంతా రాయనక్కర్లేకపోయేది.

వంతెన అవతల ఎత్తు మీద ఒక కాపలా గుడిసె ఉండేది. అందులో ఉండే కానిస్టేబులు వరసగా మూడు సాయంత్రాలు ఒకే వింత చూశాడు. దొర కారు టౌను నుంచి తిరిగి వస్తుంది. వంతెన దాటాక దాని వెనక ఎర్ర దీపం అడవి పొడుగునా వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది. మూడో సాయంత్రం గడిచి తెల్లారేసరికి ఆ వైపున్న రబ్బరు చెట్ల బెరడంతా ఎవరో కత్తులతో చెక్కేసి పోయారు. నాలుగు వందల చెట్లని నేను చెప్పుకుంటూ వస్తున్నాను. చూసినవాళ్లు నలభై అంటారు. కానిస్టేబులు తను చూసింది పైవాళ్లకు చెప్పాడు. డ్రైవరు దీపంతో అడవిలోకి సైగలు చేస్తున్నాడన్నారు.

జీపు పొద్దున్నే వచ్చింది. బావ గంజి తాగుతున్నాడు. గిన్నె కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, మోకాలి కట్టు సరిచేసుకుని జీపెక్కాడు. అప్ప గుమ్మంలో నిలబడింది. పిల్లలిద్దరూ జీపుని చూసి ముచ్చటపడి చేతులూపారు. నేను గిన్నె తీసి లోపల పెట్టాను. అందులో ఇంకా సగం గంజి ఉంది. ఏంచెయ్యాలో తెలియక తాగేశాను.

ఆ మధ్యాహ్నం స్టేషను ఆవరణలో ఇన్‌స్పెక్టరు కారుని పరీక్షించాడు. మండుటెండ. బ్రేకు తొక్కారు, దీపం వెలిగింది. వదిలారు, ఆరింది. ఇరవైసార్లు తొక్కారట. కారులో తప్పు లేదు గనక తప్పు మనిషిలోనే ఉండాలని తేల్చి, కారుని దొరకు ఇచ్చేసి బావను ఉంచేసుకున్నారు. ఇక్కడ పుట్టినవాడైతే జైలు, ఇండియాలో పుట్టినవాడు గనక ఓడెక్కించి పంపేస్తారని అప్పకు చెప్పారు. ఇండియాలో బావకు ఎవరూ లేరు. అక్కడ ఒక ఊరి పేరు తెలుసు, అది కూడా సగమే.

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ఒంటి మీద చీమ పాకితే తెలుస్తోంది, కూరలో కారం ఎక్కువైతే తెలుస్తోంది, అంతకన్నా లోపలికి ఏదీ దిగడం లేదు. వేళకి ఇంజను నడిపాను, వేళకి ఆపాను.

బావ స్టేషనులో ఉన్నది మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో అప్ప ముప్పైసార్లు స్టేషనుకు నడిచింది. కొత్త చెప్పుల జత అరిగిపోయింది. బావకు వండింది తీసుకుపోనివ్వమని గేటు దగ్గర బతిమాలితే, క్యారియరు విప్పి ప్రతి గిన్నెలోనూ వెదురుపుల్లతో పొడిచి చూసేవారు. చేప ముక్కల్ని కూడా పొడిచారు, తూటాలు మింగిందేమోనని. సాయంత్రం తిరిగొచ్చి, క్యారియరు కడిగి బోర్లించి, నా వైపు చూసేది.

"తమ్ముడా, ఆ కారు సంగతి నీకేటైనా తెలుసేట్రా?"

"నాకేటి తెలుత్తాది అప్పా. నాను ఇంజను మనిషిని."

"మీ బావ ఏటీ సెప్పడం లేదంట. కొడితే కూడా సెప్పడం లేదంట."

"సెప్పడానికేటుంటాది?"

మొదటి రోజు వాన పడలేదు. నేను కారు కింద దూరి చూశాను. దీపం బల్బు బాగుంది. తీగ ఎక్కడా ఒరుసుకోలేదు. బ్యాటరీ బాగుంది. ఎండలో స్విచ్ టిక్కుమని వెళ్లి టిక్కుమని తిరిగి వస్తోంది. రెండో రోజు సాయంత్రం గట్టిగా వాన పడి వెలిసింది. దొర తానే నడుపుకుంటూ టౌను నుంచి వచ్చాడు. జనరేటరు షెడ్డు గేటు పక్కనే కనక నేను అక్కడే ఉన్నాను. గేటు ముందు దొర బ్రేకు తొక్కాడు, దీపం వెలిగింది. గేటు తీశారు, దొర కాలు తీసి ముందుకు పోనిచ్చాడు. దీపం ఆరలేదు. బంగళా ఎత్తు మీదికి పోతుంటే గుంట వచ్చినప్పుడల్లా రెప్పలార్చింది. గుంట, ఎరుపు, చీకటి. గుంట, ఎరుపు, చీకటి. అక్కడ వంద గుంటలుంటాయి, వందసార్లూ నేను చూశాను.

వాన సాయంత్రాలు ఇనప చెయ్యి పట్టు వదిలేస్తోందని బావ అన్నాడు. వాన సాయంత్రాలు దీపం ఆరడం లేదు. ఒకటి ముందుంది, ఒకటి వెనకుంది, రెండింటికీ మధ్య ఉమ్మడిగా ఉన్నది ఆ స్విచ్ ఒక్కటే. వాన నీళ్లకు చల్లబడిన నా రబ్బరు పూత బిగుసుకుని, తొక్కిన స్విచ్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదు. అది సగంలో నిలబడి, కారు కుదిపినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది. ఎండలో పూత మెత్తబడి బుద్ధిగా ఉంటోంది. ఇన్‌స్పెక్టరు ఇంకో వెయ్యిసార్లు తొక్కినా మధ్యాహ్నం పూట ఆ తప్పు దొరకదు.

మూడో రోజు పొద్దున బంగళా మెట్ల కింద నిలబడ్డాను. దొర మాతో తోట తమిళంలో మాట్లాడేవాడు. తిట్టడానికి మాత్రమే నేర్చుకున్నాడు గనక మంచి మాట అడగాలన్నా అందులో ఒక తిట్టు వచ్చేది. నేను చెప్పినదంతా పైపు ఆర్పకుండా విన్నాడు.

"నా కారులో ఏం పెట్టావు?"

మళ్లీ చెప్పాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం దొరా."

కారెక్కమన్నాడు. జీవితంలో మొదటిసారి దొర నాకు డ్రైవరయ్యాడు. రెండు మైళ్ల అడవి అంచునా ఆయన ముప్పై అయిదు దాటలేదు, నేను ఊపిరి పీల్చలేదు.

స్టేషను ఎదుట కాఫీ దుకాణంలో ఐసు అమ్మేవారు. ఒక గడ్డ కావాలన్నాను. చీనా ముసలాయన రంపపు పొట్టులోంచి గడ్డ బయటికి తీసి, తురమడానికి సిద్ధమయ్యాడు.

"ఎర్ర సిరప్పా, పచ్చ సిరప్పా?"

"ఏదీ వద్దు. కారుకి."

"కారుకి కూడా వేడి చేసిందా?" అన్నాడు, నవ్వకుండా.

ఇన్‌స్పెక్టరు వరండాలోంచే చూస్తూ నిలబడ్డాడు. నేను కారు కింద వెల్లకిలా దూరి గడ్డను స్విచ్‌కి ఆనించి పట్టుకున్నాను. కరిగిన నీళ్లు మోచేతుల మీదుగా చంకల్లోకి, చంకల్లోంచి వీపు కిందికి పోయాయి. అరగంట పట్టుకున్నాను. నా వేళ్లు ఇంక వేళ్లలా లేవు, ఎవరివో అరువు తెచ్చి తగిలించినట్టున్నాయి. లోపల నేనూ అలాగే ఉన్నాను గనక పెద్ద తేడా అనిపించలేదు. అప్పుడు కింద నుంచే అరిచాను.

"తొక్కండి దొరా!"

దొర తొక్కాడు.

"తియ్యండి దొరా!"

తీశాడు. దొరకు రెండు హుకుంలు ఇచ్చి, రెండూ చెల్లిన ఇంజన్ మనిషి ఆ జిల్లాలో నేనొక్కణ్నే. బయటికి పాకి వచ్చి చూస్తే దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. నేను బంపర్ని తన్నాను, దీపం ఆరింది. మళ్లీ తన్నాను, వెలిగింది. ఇన్‌స్పెక్టరు మెట్లు దిగివచ్చి తానొకసారి తన్నాడు. ఇంకోసారి తన్నాడు. అలా తంతూనే ఉన్నాడు. దొర కారుని తన్నే అవకాశం మళ్లీ రాదనుకున్నాడేమో. ఆఖరికి స్విచ్ విప్పించి, దాని చుట్టూ గోధుమరంగు జిగురులా పేరుకున్న రబ్బరుని గోటితో లాగి చూశాడు.

"ఇది నువ్వు పెట్టావని నీ బావకు తెలుసా?" మలాయి భాషలో అడిగాడు. ఆ భాషలో దొరని తువాన్ అంటారు.

"తెలుసు తువాన్."

"ఎన్నిసార్లు అడిగాం. కారులో ఎవరైనా ఏమైనా మార్చారా అని. లేదన్నాడు. ఎందుకు?"

"తెలియదు తువాన్" అన్నాను.

బావను బయటికి తెచ్చారు. మూడు రోజుల్లో ఆయన గడ్డం బొడ్డు దాకా పెరిగింది. కారు వైపు చూశాడు, నేల మీద కరుగుతున్న ఐసు వైపు చూశాడు, నా తడిసిన చొక్కా వైపు చూశాడు. వెనక సీట్లో, దొర ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని ఇంటికి వచ్చాడు. స్నానం చేసి అన్నానికి కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. అప్ప ఉప్పు తెచ్చింది.

"ఇనప సెయ్యి తీసేసినావా?" అని నన్ను అడిగాడు.

"తీసేసినాను బావా."

"మంచిది."

దొర నన్ను ఇంజను దగ్గర్నుంచి తీసేసి షీట్లు ఆరబెట్టే పొగ గదికి మార్చాడు. కళ్లమ్మట నీళ్లు కారే పని. అక్కడున్నంత కాలం నేను ఏడుస్తున్నానో లేదో ఎవరికీ అనుమానం రాలేదు, నాకు కూడా.

అప్పట్నుంచి బావకు ఒక అలవాటు అంటుకుంది. రోజూ పొద్దున కారు తీసే ముందు నన్ను వెనక నిలబెట్టేవాడు. బ్రేకు తొక్కి లోపల నుంచి అడిగేవాడు.

"ఎలిగిందా?"

"ఎలిగింది బావా."

కాలు తీసేవాడు. "ఆరిందా?"

"ఆరింది."

ఈ నాలుగు మాటలు తప్ప మా మధ్య మాటలు తగ్గిపోయాయి. వానలో, జ్వరంలో, మా అమ్మ పోయిన మర్నాడు కూడా ఆ నాలుగు మాటలు జరిగాయి.

మెర్దెకా వచ్చింది. స్వతంత్రం వచ్చిన ఆ రోజు టౌనులో ఊరేగింపు. లారీలు, కార్లు, సైకిళ్లు, అన్నిటికీ కొత్త జెండాలు. దొర తన కారుని ఊరేగింపుకి ఇచ్చాడు. అప్పా పిల్లలూ ఇంకో పదిమందీ అందులో ఎక్కారు. నేను కూడా ఎక్కబోయాను.

"నువ్వు ఎనకాల నడు" అన్నాడు బావ.

"ఎందుకు బావా?"

"ఎందుకేటి? దీపం సూడు."

టౌను ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నేను కారు వెనక పొగ మింగుతూ నడిచాను. బ్యాండు వాయించారు, విన్నాను. పూలు చల్లారు, కొన్ని నా నెత్తిన పడ్డాయి. ముందు ఏనుగు నడిచిందని అప్ప పిల్లలు ఇప్పటికీ చెబుతారు. నేను చూడలేదు. నేను చూసింది అరచేతి వెడల్పు ఎర్ర గాజు. కారు ఆగి కదిలినప్పుడల్లా కిటికీలోంచి బావ చెయ్యి బయటికి వచ్చి ఆగేది. దీపం ఆరిందని నేను చెయ్యెత్తి చూపేవాణ్ని. చుట్టూ జనం "మెర్దెకా!" అని చెయ్యెత్తుతున్నారు. అందరికన్నా ఎక్కువసార్లు చెయ్యెత్తింది నేనేనని ఒక పెద్దాయన నా భుజం తట్టాడు.

ఇప్పుడు మాట ఇచ్చినట్టు, కల్పించింది ఏదో చెప్పాలి. పనసకాయ, వందల చెట్లు, మేస్త్రీ దవడలు, అవన్నీ ఉన్నవే, కాస్త లాగాను. ఐసు నిజం. చీనా ముసలాయన అన్న మాట అక్షరాలా నిజం.

మూడు రోజులు అన్నది కల్పించాను. బావ స్టేషనులో ఉన్నది పదకొండు రోజులు.

మొదటి రోజు కూడా వాన పడింది. జీపు వచ్చిపోయిన ఆ సాయంత్రమే నేను గేటు దగ్గర దీపం చూశాను. అర్థం కావడానికి కారు బంగళా చేరేంత సేపు కూడా పట్టలేదు. ఆ స్విచ్ నాది, పూత నాది, అయస్కాంతం నాది. ఆ రోజుల్లో దొర కారులో దొంగతనంగా తీగలు పెట్టినవాణ్ని ఏమంటారో నాకు తెలుసు. ఇంకా గట్టిగా తేల్చుకున్నాక చెబుదామనుకున్నాను. రోజూ మధ్యాహ్నం కారు కింద దూరి స్విచ్ చూసేవాణ్ని. ఎండలో అది బాగానే పనిచేసేది. అప్పుడు వెళ్లి అన్నం తినేవాణ్ని. సాయంత్రం కారు వచ్చే వేళకి జనరేటరు వైపు తిరిగి నిలబడేవాణ్ని. అప్ప పదిసార్లు అడిగింది, పదిసార్లూ నాకేటి తెలుత్తాది అన్నాను. పదో రోజున, ఓడకి బావ బట్టలు సర్దమని స్టేషనులో చెప్పారు. అప్ప రేకు పెట్టె తీసింది. దాని మూల చిరిగి ఉంది. "తమ్ముడా, కొంచెం పాలు పూసి అంటించు, ఓడలో నీళ్లు దిగిపోతాయి" అంది. కప్పులో పాలు తెచ్చి శుభ్రంగా పూశాను. ఆరేదాకా పక్కనే కూర్చున్నాను. మర్నాడు పొద్దున బంగళాకి వెళ్లాను.

ఈ కథ నేను ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ మూడు రోజులనే చెబుతాను. బావ ఇప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటాడు, మోకాళ్లు రెండూ పోయాయి. పెళ్లిళ్లలో ఎదురు కుర్చీలో కూర్చుని వింటాడు. మూడు రోజులు అన్న చోట ఒక్కసారి తలెత్తి నా మొహం చూస్తాడు. తరవాత చేతిలో కాఫీ గ్లాసు తిప్పుకుంటూ అంటాడు.

"ఊఁ, కానీ. ఐసు సంగతి సెప్పు."